కారు అద్దం మీద బొట్లు

ఎనభైల మొదట్లో, అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, ఇంగ్లిష్ క్లాసులో ఒక నవల చదివించారు. అందులో అమ్మాయికి ఇంట్లో ఒక వేషం, స్కూల్లో ఇంకో వేషం. ఆ రెండిట్లో అసలు పిల్ల ఎవరని టీచర్ అడిగితే, అందరికన్నా ముందు చెయ్యెత్తి, "ఎవరూ కాదు. అది ఒట్టి అబద్ధాలకోరు" అనేశాను. నా నోటికి అప్పట్లో అడ్డూ ఆపూ ఉండేది కాదు.

ఇంతకీ ఆ మాట అన్న మహాతల్లి సంగతి వినండి. రోజూ పొద్దున అమ్మ నా నుదుట స్టిక్కర్ బొట్టు పెట్టి స్కూల్ బస్సెక్కించేది. బస్సు మలుపు తిరగ్గానే అది ఊడొచ్చి నా వాచీ వెనక్కి చేరేది. సాయంత్రం దిగే ముందు మళ్లీ నుదుటికెక్కేది. బోసి నుదురుతో అమ్మ కంటపడితే ఇంట్లో పెద్ద రభసేనని నా భయం.

తల్లిదండ్రులు టీచర్లను కలిసే రోజు రానే వచ్చింది. సాయంత్రం వాచీ తిప్పి చూస్తే బొట్టు లేదు. స్వెటర్ దులిపాను, బ్యాగు బోర్లించాను. ఈలోగా ఆఫీసు నుంచి నేరుగా అమ్మ కారు స్కూల్ పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసింది. ఇక నా పని అయిపోయిందనుకుని, జుట్టు నుదుటి మీదికి లాక్కుని పక్క సీట్లో కూర్చున్నాను.

అమ్మ నన్ను సరిగా చూడనే లేదు. హడావిడిగా ఇటు వంగి, నా ముందు ఎండకి అడ్డుగా ఉండే సన్ వైజర్ దించింది. దాని వెనక చిన్న అద్దం మీద మెరూన్ బొట్లు వరసగా ఉన్నాయి. ఒకటి తీయబోయి ఆగిపోయింది. అప్పుడు చూశాను, అమ్మ నుదురూ బోసిగానే ఉంది.

"ఆఫీస్‌లో ఒకటే క్వశ్చన్స్ అడుగుతారే. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది," అంది. తర్వాత నా జుట్టు పక్కకి తోసింది. "నీదేదీ?"

"పోయింది. స్కూల్‌లో నేనూ రోజూ తీసేస్తానమ్మా."

తిడుతుందనుకుంటే కిసుక్కున నవ్వింది. "పెట్టుకుని వెళ్దామా, ఇలాగే వెళ్దామా? నువ్వే చెప్పు."

బొట్టు గురించి అమ్మ నన్ను అడగడం అదే మొదటిసారి. ప్రాణం లేచొచ్చింది. పెట్టుకునే వెళ్దామన్నాను. చెరొకటి తీసుకున్నాం. నాది వంకరగా అంటుకుంటే అమ్మ సరిచేసింది.

లోపల టీచర్ నన్ను తెగ మెచ్చుకుంది. "ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉండే ఆ నవల్లో అమ్మాయి అబద్ధాలకోరట. ఎంత గట్టిగా చెప్పిందో," అంది నవ్వుతూ. అమ్మ చెయ్యి మెల్లగా తన బొట్టు దగ్గరికి వెళ్లింది.

"ఆ అభిప్రాయం మార్చుకున్నాను," అన్నాను గబగబా.

"ఎప్పుడు?" అంది టీచర్.

"ఇందాకే, పార్కింగ్ లాట్‌లో."