యామ్నా ఇంటి కరెంటు మీటరు

నది ఒడ్డున మా అజెమ్మూర్ ఊరి పాతకోటలో యామ్నా పేరెత్తితే ఆడవాళ్ళు ముందు వీపు తడుముకుంటారు. హమ్మామ్‌లో, అదే ఊరి ఆవిరి స్నానాలశాలలో, ఒళ్ళు రుద్దే పని ఆమెది. నల్లసబ్బు పూసి, చేతికి గరుకుసంచి తొడుక్కుని రుద్దిందంటే మురికితో పాటు మనిషిలో పొగరు కూడా ఊడొస్తుంది. పెళ్ళికూతుళ్ళు, బాలింతలు, షావుకార్ల పెళ్ళాలు, అందరూ ఆమె చేతికిందికి వచ్చినవాళ్ళే. ఇంత చేసీ ఆమె వెనకేసుకున్నది వంకరపోయిన వేళ్ళు. నేను ఎదురింటిదాన్ని, పొద్దున్నే మ్సెమ్మన్ రొట్టెలు కాల్చి అమ్ముకుంటాను. జరిగిందంతా నా పెనం ముందు కూచుని చూసినదాన్నే. చెప్పేటప్పుడు నా గొంతు లేస్తే ఏమీ అనుకోకండి, అది నా చేతిలో లేదు.

ఆమె మొగుడు మీలూద్, ఒకప్పుడు నదిలో వలేసేవాడు. మూత్రపిండాలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు పట్నంలో రక్తం శుద్ధి చేయించుకుంటేనే మనిషి నిలబడతాడు. బీదవాళ్ళ చందా సర్కారే కట్టే ఆరోగ్య బీమా వచ్చాక ఆ ఖర్చు వాళ్ళ మీద పడలేదు. కార్డు చేతికొచ్చిన రోజున యామ్నా నా దగ్గర రొట్టెలన్నీ కొనేసి వీధివీధంతా పంచింది. నేను డబ్బు వద్దంటే తిట్టి మరీ ఇచ్చింది.

ఆ తర్వాత ఒక వసంతంలో ఆమె ఫోన్‌కి సందేశం వచ్చింది. చదివిపెట్టమని నా దగ్గరికే తెచ్చింది. మీ ఇంటి సూచిక హద్దు దాటింది, ఇకమీద సర్కారు చందా కట్టదు, కార్డు చెల్లదు, వైద్యం ఖర్చు మీదే అని. ఆ సూచిక సంగతి మాకు అందరికీ తెలుసు. ఇంటికో అంకె. కరెంటు ఎంత కాల్చావు, ఫోన్లో ఎంత డబ్బు వేయించుకున్నావు, ఇంట్లో ఏమేమున్నాయి, అన్నీ కలిపి ఒక అంకె తేలుస్తారు. అంకె గీత దాటిందా, నువ్వు బీదదానివి కావు. నీ కాళ్ళకి చెప్పులు లేకపోయినా కావు.

ఇద్దరం ఆ అంకె తేల్చే కార్యాలయానికి వెళ్ళాం. అద్దం వెనక ఒక పిల్ల, మర్యాదస్తురాలే, తెర వంక చూసి పెదవి విరిచింది.

"పిన్నీ, మీ కరెంటు వాడకం చూడండి. లేనివాళ్ళింట్లో ఇంత కాలుతుందా?"

"అది నా ఒక్కదానిది కాదమ్మా," అంది యామ్నా. "మేడ మీద హస్నియా కాపురం. కుట్టుమిషనుంది, ఇస్త్రీపెట్టుంది. నా మీటర్లోంచే తీగ లాక్కుంది. దాని వాటా అదిస్తుంది."

"కంప్యూటర్‌కి తీగ కనబడదు కదా పిన్నీ. మీ పేరు కనబడుతుంది."

నాకు ఒళ్ళు మండింది. "దానికి కనబడకపోతే నీకు కనబడుతుందిగా. లేచి రా, చూపిస్తాం."

"నాకా అధికారం లేదక్కా. ఆవిడకి వేరే మీటరు పెట్టించండి, అంకె అదే తగ్గుతుంది."

చెప్పడం ఎంత తేలిక. మా కోటలో ఇంటికొక మీటరు, దాని కింద రెండు మూడు కాపురాలు ఎప్పటినుంచో ఉన్నదే. మాట మీద నిలబడే మనిషి ఎవరో చూసి వాళ్ళ పేరున మీటరు పెడతారు. అది ఆ ఇంటికి పెద్దరికం లాంటిది. యామ్నా పేరున మీటరుందంటే ఆమె దొంగలెక్క చెప్పదని అర్థం. ఆ పెద్దరికమే ఇప్పుడు ఆమె మెడకి చుట్టుకుంది.

కరెంటువాళ్ళ దగ్గరికి పోయాం. గోడలు బీటలిచ్చి మీ ఇల్లు కూలే ఇళ్ళ జాబితాలో ఉంది, కూలే ఇంటికి కొత్త మీటరివ్వం అన్నారు. అంటే చూడండి, ఇక్కడేమో ఇల్లు కూలిపోతుంది కాబట్టి మీటరు లేదు, అక్కడేమో అదే ఇంట్లో ఉన్నవాళ్ళు కలిగినవాళ్ళు. ఈ ఇద్దర్నీ ఒక గదిలో కూచోబెట్టి తలుపేసే మొనగాడు మా ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు.

హస్నియాకి సంగతి తెలిసి తనే మెట్లు దిగొచ్చింది. జెల్లాబాలనే పొడుగు అంగీలు కుట్టి అంచు అల్లుతుంది, ముగ్గురు పిల్లలు, మొగుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

"తీగ పీకెయ్యక్కా," అంది.

"మరి నీ మిషనో?"

"చేత్తో కుడతాను. మా అమ్మ కుట్టలేదూ?"

"మీ అమ్మకి ముగ్గురు పిల్లలున్నా మొగుడు కూడా ఉన్నాడే."

"నా మొగుడి ఊసెందుకు ఇప్పుడు. మీలూద్ బావ బతకాలా వద్దా, అది చెప్పు."

తీగ పీకేసి, అంకె మళ్ళీ చూడమని విన్నపం పెట్టారు. ఆ రంజాన్ అంతా మేడ మీద కొవ్వొత్తులే. పిల్లలు కిందికొచ్చి యామ్నా గదిలో బల్బు కింద చదువుకునేవాళ్ళు. హస్నియా పండగ బేరాలు సగం వదులుకుంది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుంటే, ఉల్లిపాయలు తరిగానని అబద్ధమాడేది. తరగడానికి ఆ ఇంట్లో ఉల్లిపాయలు కూడా ఉండేవి కావు.

అంకె మళ్ళీ తేల్చేదాకా మీలూద్ ఆగలేడు కదా. పడవ అమ్మారు. తర్వాత వలలు. హమ్మామ్‌కి వచ్చే ఆడవాళ్ళు రుమాలు ముడులు విప్పి తలా కాస్త డబ్బిచ్చారు. యామ్నా పుచ్చుకుంది కానీ ఆ రోజు నుంచి వాళ్ళ వీపులు ఊరికే రుద్దడం మొదలుపెట్టింది. ఇంక తినేదేమిటి, నా బొంద అని నేను తిడితే, ఊరుకోవే, నువ్వొకతివి అనేది.

ఇవికాక ఫిర్యాదు నంబరొకటి. పొద్దున పనికి పోయే ముందు చేసేది, తిరిగొచ్చాక చేసేది. అవతల సంగీతం. మధ్యలో ఒక గొంతు, మీ కాల్ మాకు ముఖ్యమైనది, వేచి ఉండండి. ముఖ్యమైతే ఎత్తరేం? ఎవరో ఎత్తేలోపు ఫోన్లో డబ్బులు అయిపోయేవి. మూల దుకాణానికి పరిగెత్తి మళ్ళీ వేయించుకొచ్చేది, మళ్ళీ ఆ సంగీతమే. పిండి పిసుకుతూ వినీ వినీ ఆ పాట నాకే నోటికొచ్చేసింది. ఒకసారి నిజంగా మనిషి పలికాడు. పేరడిగి, గుర్తింపు సంఖ్య అడిగి, వేచి ఉండండన్నాడు. అంతలో ఫోను తెగిపోయింది.

ఎండలు ముదిరాక సందేశం వచ్చింది. మళ్ళీ లెక్క చూశాం, సూచిక ఇంకా పెరిగింది అని.

నేను తప్పు చదివానేమోనని యామ్నా హస్నియా పెద్దకూతురి చేత ఇంకోసారి చదివించుకుంది. ఇద్దరం పరుగున కార్యాలయానికి పోయాం. ఆ పిల్లే. తెర చూసింది.

"కరెంటు బాగా తగ్గింది పిన్నీ."

"తగ్గదూ? పైన చీకట్లో ఉన్నారు."

"ఫోను పెరిగిపోయింది. ఈ నెలల్లో చాలా వేయించుకున్నారు. అప్పుడు లేనిది ఇప్పుడెందుకింత?" ఆ పిల్ల నిజంగానే అడిగింది, ఎగతాళికి కాదు. "ఎవరితో మాట్లాడారు ఇంత?"

యామ్నా ఆమె వంక చూసింది.

"మీతోనే," అంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నేను గట్టిగానే అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయలేను. వరసలో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. ఆ పిల్ల తల దించుకుని, ఇంకో విన్నపం పెట్టుకోండి, ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేసి అడగొచ్చు అని మొదలుపెట్టి, తనే మధ్యలో ఆపేసింది. యామ్నా నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఇంటికి రాగానే మేడెక్కి, తనే తీగ కలిపింది. హస్నియా అడ్డం పడితే, "నీ కళ్ళు పోతే నాకు అంకె తగ్గిస్తారా? తప్పుకో," అంది. మిషను చప్పుడు వినబడింది కాసేపటికి.

ఇప్పుడు మీలూద్ వారానికి రెండుసార్లే పోతున్నాడు. మూడోది కట్టుకోలేరు. డాక్టరు వద్దనే చెప్పాడు, ప్రాణానికి ముప్పన్నాడు. అయితే ఆ డబ్బు నువ్వివ్వమని యామ్నా ఆయన్ని అడగలేదు, నేనైతే అడిగేదాన్ని. ఏ రోజు మానేద్దామో మొగుణ్ణే అడిగింది.

"శుక్రవారం," అన్నాడట మీలూద్. "ఊరంతా కుస్కుస్ తినే రోజునే నేను మంచం మీద సూదులు గుచ్చుకుని పడుకుంటున్నాను. ఎన్నాళ్ళయిందే మీ అందరితో కూచుని కుస్కుస్ తిని."

మొన్న శుక్రవారం యామ్నా గోధుమరవ్వ ఆవిరికి ఉడికించి, ఏడు కూరలూ వేసి కుస్కుస్ వండింది. హస్నియా, పిల్లలు, అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూచున్నారట. నాకూ ఒక గిన్నెడు పంపింది.

శనివారం సాయంత్రానికి మీలూద్ కాళ్ళు నీరు చేరి చెప్పుల్లో పట్టలేదు.