బావ బండిలోంచి పీకేసిన వాల్వు

పోయిన వారం మా అమ్మాయి కారులో ఎర్ర దీపం వెలిగింది. ఆమె ఇక్కడే సూరత్‌లో డాక్టరు. ఆస్పత్రికి వేళ మించిపోతోందని బండిని నాకప్పగించి ఆటో ఎక్కేసింది. సర్వీసు సెంటరులో ఒక కుర్రవాడు స్టీరింగు కింద ఏదో వైరు తగిలించి, చేతికి మసి కూడా అంటకుండా, థర్మోస్టాట్ పోయింది అంకుల్, మార్చేస్తామన్నాడు. పాతది విప్పి నా ముందు బల్ల మీద పెట్టేసరికి ఆ ఏసీ గదిలో నాకు వీపంతా చెమట పట్టింది. జీవితమంతా స్పానర్లు పట్టిన ముసలాడు అరచేతిలో ఇమిడే ముక్కను చూసి బెదరడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, కానీ సంగతి విన్నాక.

మా నాన్న సాంచాల పనికని, అంటే మరమగ్గాలు నడపడానికి, సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్‌లోని బమ్రోలిలో ఉండిపోయాడు. నాకు ఆ చప్పుడు పడక మా మేనమామ కార్ల షెడ్డులో చేరాను. మామ గొప్ప పనిమంతుడు, బండి గేటు దాటకముందే చెవితో రోగం చెప్పేవాడు. అయితే ఆయనదొక మొండి పద్ధతి ఉండేది. ఇంజిన్‌కూ రేడియేటరుకూ నడుమ ఉండే ఈ థర్మోస్టాట్‌ను మేం వాల్వు అనేవాళ్లం. ఇంజిన్ కాగేదాకా నీళ్లను ఆపి, కాగాక తెరుచుకుని రేడియేటరులోకి వదలడం దాని పని. అది తెరుచుకోక బండి మరిగిందంటే మామ కొత్తది వేసేవాడు కాదు, పాతది పీకి డబ్బాలో పడేసేవాడు. ఈ సూరత్ ఎండల్ల ఇంజిన్‌కు దుప్పటెందుకని ఆయన వాదన. చుట్టుపక్కల షెడ్లలోనూ అదే తంతు, పీకిన బళ్లు నిక్షేపంగా తిరిగేవి కూడా, ఇక నాబోటివాడికి అనుమానమెందుకు వస్తుంది?

మా అక్క మొగుడు, అంటే మా బావ, సూరత్ నుంచి పక్కనున్న కిమ్ ఊరిదాకా మనుషుల్ని తిప్పే డ్రైవరు. ఎన్నాళ్లో తంటాలు పడి పాత కారొకటి సొంతానికి కొన్నాడు. అది మరుగుతోందని తెస్తే, మామ ఊళ్లో లేడు గనక నేనే పెద్దమనిషినై వాల్వు పీకేశాను. మర్నాడు ముంబయి దగ్గర భివండీలో చుట్టాల పెళ్లికి అక్కనూ ఏడాది పాపనూ తీసుకుని పోతానన్నాడు. నిశ్చింతగా పో బావా, ఎక్కడైనా వేడెక్కితే ఆపి రేడియేటరు మూత తీసి నీళ్లు పొయ్యి, చాలు అని సలహా కూడా పారేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

తెల్లారి వాళ్లు బయల్దేరిన గంటకు అచ్చం అలాంటి బండే ఒకటి పొగలు కక్కుతూ షెడ్డుకొచ్చింది. దాని ఓనరు వాల్వు ఎక్కడో తీయించాడట, అప్పట్నుంచి ఊళ్లో బాగానే ఉంటుందట, హైవే ఎక్కితే మరుగుతుందట. రేడియేటరు పై గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలింది, కింది గొట్టం చల్లగా ఉంది. అడ్డం ఏమీ లేనప్పుడు నీళ్లు రేడియేటరులోకి ఎందుకు పోవడం లేదు? డబ్బాలోంచి ఆ బండి రకం వాల్వు ఒకటి వెతికి చూస్తే, మిగతా బళ్ల వాల్వులకు లేని రెండో బిళ్ల దాని అడుగున కనిపించింది. పక్కనున్న చాయ్ కొట్టాయన్ని బతిమాలి గిన్నెలో నీళ్లు మరిగించి, తీగకు కట్టి వేలాడదీశాను. కదల్లేదు, చచ్చిన వాల్వు. రెండోదీ అంతే, మూడోది కదిలింది. పై బిళ్ల తెరుచుకుంటుంటే కింది బిళ్ల మెల్లగా దిగింది. ఆ దిగే బిళ్ల ఇంజిన్‌లో మరో దారిని మూస్తుందని అప్పుడు తెలిసింది. వాల్వు లేకపోతే ఆ దారి తెరుచుకునే ఉంటుంది, కాగిన నీళ్లు రేడియేటరు మొహం చూడకుండా ఇంజిన్‌లోనే తిరుగుతాయి.

వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు మీదికి చిమ్ముతాయి. మరిగే ఇంజిన్, ముందు సీట్లో అక్క ఒళ్లో పాప, మూత తీయమని చెప్పిన నేను. అప్పుడు చేతుల్లో ఫోన్లు లేవు. పనిచేసే వాల్వును జేబులో వేసుకుని మామ స్కూటరెక్కి ఉధ్నా, సచిన్ ఊళ్లు దాటి ఎలా పోయానో నాకే తెలియదు. రోడ్డు పక్కన ఆగిన ప్రతి కారూ బావదేననిపించి స్కూటరు నెమ్మది చేసి చూసేవాణ్ణి. నవసారి దాటాక సపోటా తోటల దగ్గర బావ కారు కనిపించింది. బానెట్ లేచి ఉంది, నేలంతా తడి, మనుషులు లేరు. సపోటాలమ్మే ఆమెను అడిగితే దవాఖానకు తీసుకుపోయారంది. ఎవరినని అడక్కుండానే స్కూటరు అటు తిప్పాను. ఆ దవాఖాన మెట్ల మీద పాప అక్క కొంగు నములుతూ కనిపించింది.

లోపల బావ కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయి ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు. "నువ్వు జెప్పినట్టే మూత దీసిన బామ్మర్దీ. పోరిని జర దూరం దీస్కపొమ్మని మీ అక్కకు జెప్పిన, గదొక్కటి మంచిగైంది" అన్నాడు. అంతే, తప్పు నాదన్న ఊహే ఆయనకు లేదు.

కారు దగ్గరికి తిరిగిపోయి జేబులోని వాల్వు బిగించి, నీళ్లు పోసి, ఇంజిన్ నడిపాను. కాసేపటికి కింది గొట్టం నా వేళ్ల కింద వెచ్చబడింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

బావ కుడి చేతి వేళ్లు మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు. బావ కారు అమ్మేసి జోల్వాలో మిల్లు వాచ్‌మన్‌గా చేరాడు. బండి మరుగుతదని మా బామ్మర్దికి ఇంట్ల ఉండంగనే ఎరుకైంది, ఉరికొచ్చిండు అని కనబడ్డవాళ్లకల్లా చెప్పేవాడు. నేను తల వంచుకునేవాణ్ణి, దాన్ని వినయమనుకునేవారు.

మొన్న సర్వీసు సెంటరువాళ్లు ఏది చెడిందో, ఎవరు మార్చారో అన్నీ అచ్చువేసి కాగితం చేతిలో పెట్టారు. మా రోజుల్లో ఈ కాగితాలు లేవు, రోగం చెవికీ వేళ్లకూ తెలిసేది, ఆ విద్య పోయిందని నాకు బెంగే. కానీ అలాంటి కాగితం ఆనాడు ఒక్కటుంటే బావకు నిజం తెలిసేది, నేను చెప్పాల్సిన పని ఉండేది కాదు. అక్క వాళ్ల ఆ పాపకు పెళ్లై పిల్లలు కూడా పుట్టారు. బావ ఇప్పటికీ ఆదివారం వస్తాడు, కూర్చోకముందే ఆ వంకర వేళ్లతో నా భుజం తడతాడు. చెప్పేద్దామని ప్రతి ఆదివారం నోరు తెరుస్తాను, చాయ్ తాగుతావా బావా అని అడుగుతాను.