రెండు రంగుల మధ్య తెల్ల చార

బడిలో కంప్యూటర్ల గది తుడిచే ఆమెను పిల్లలు పిల్లక్క అంటారు. పిల్లిలా వస్తుంది, పిల్లిలా వెళ్తుంది. చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. మాట గొంతుదాకా వచ్చి వెనక్కి మళ్ళిపోవడం ఆమెకు అలవాటే.

ఆ వారమంతా పిల్లలు తెర మీద ఊరి పటం పరిచి నియోజకవర్గాల హద్దులు గీస్తున్నారు. మౌస్‌తో చుక్క వెంట చుక్క పెట్టుకుంటూ పోయి, మొదటి చుక్కను కలిపితే చాలు, లోపలంతా రంగు నిండుతుంది. అందులో ఎన్ని ఇళ్ళున్నాయో లెక్క పడుతుంది. ఆమె కిటికీ అద్దాలు తుడుస్తూ చూసేది. రోజూ నడిచే వీధులు పైనుంచి నీళ్ళ అడుగున ఊగే నాచులా ఉండేవి.

శుక్రవారం మధ్యాహ్నం నీలం, పసుపు పక్కపక్కన చేరాయి. మధ్యలో సన్నటి తెల్ల చార. అందులో ఒక వంకర వీధి, మలుపులో నీళ్ళ ట్యాంకు. ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. అది వాళ్ళ వీధి.

వీధి నేల వదిలి లేచినట్టనిపించింది. గడపలతో, అమ్మ ఆరేసిన దుప్పటితో సహా, ఏ రంగూ అంటకుండా మెల్లగా తేలిపోతోంది. ఆగమని పిలిచేవాళ్ళు లేరు.

"ఏమర్రా, మొత్తంలో నలభై మూడు ఇళ్ళు తక్కువొస్తున్నాయి. ఎక్కడ మింగేశారు?" అంది టీచరు.

"నా నీలం బాగానే ఉంది టీచర్. దాన్నడగండి," అంది కళ్ళజోడు పిల్ల.

"నాలుగు కళ్ళున్నా దానికి కనపడదు టీచర్. నా పసుపులో ఒక్క ఇల్లూ పోలేదు," అంది జడల పిల్ల.

సోమవారం నుంచీ ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరికీ ఉమ్మడిగా ఒకే గీత ఉండాల్సింది పోయి, ఒకతి వీధికి ఈ పక్కన, ఇంకొకతి ఆ పక్కన గీసుకుపోయింది.

టీచరు గడియారం చూసింది. "పోనీలే. నాలుగింటికి అచ్చుకి పంపాలి. రేపు అమ్మానాన్నలు వచ్చేసరికి గోడ మీద ఉండాలి. ఆ కాస్త ఎవరు చూడొచ్చారు?"

అమ్మ చూస్తుంది. కూతురు పనిచేసే గది చూస్తానని నెల్లాళ్ళుగా పోరి, రేపు వస్తోంది. పటం ముందు నిలబడి, మన ఇల్లేదే అంటుంది.

మాట గొంతుదాకా వచ్చింది. వెనక్కి మళ్ళబోయింది.

"టీచరుగారూ, ఆ ఇళ్ళు మావే."

గదంతా తిరిగి చూసింది. "మాట్లాడింది నువ్వేనా పిల్లక్కా!" అంది కళ్ళజోడు పిల్ల.

"ట్యాంకు పక్కన మూడోది మాది," అంటూ తెర మీద వేలు పెట్టింది. "మా వీధి ఓట్లు ఈ పసుపు నియోజకవర్గంలోకే వస్తాయండీ. నేనూ అక్కడే వేశాను."

టీచరు కుర్చీలోంచి లేచింది. "అయితే రా, పసుపు గీత నువ్వే జరుపు."

మౌస్ తడిచేతిలో జారింది. "చుక్కని నీలం గీత దగ్గరికి తే అక్కా, దానంతటదే అతుక్కుంటుంది," అంది కళ్ళజోడు పిల్ల.

"ఈ ముక్క నాకు చెబితే నీ సొమ్మేం పోయిందే?" అంది జడల పిల్ల. వారంలో వాళ్ళ మొదటి మాట అది.

చివరి చుక్క అతుక్కుంది. పసుపు మలుపు తిరిగి, ట్యాంకు దాటి, సాయంత్రపు ఎండలా గడప గడపకీ పాకింది. లెక్క సరిపోయింది.

అందరూ వెళ్ళాక ఆమె తెరలన్నీ తుడిచింది. ఒక్క తెర మీద, ట్యాంకు ఉన్నచోట పడిన వేలిముద్రను మాత్రం అలాగే వదిలేసింది.