ఒకే ఘడియ బిడ్డలు

మా పెద్దమ్మ బడిపిల్లలకి యూనిఫారాలు కుట్టేది. కొట్టులో మిషను పక్కనే ఇంకో కుర్చీ ఉండేది, జాతకాలు అడగడానికి వచ్చేవాళ్ళ కోసం. ఆ విద్య వాళ్ళ నాన్న నేర్పాడు. ఊళ్ళో అందరూ ఆమెని "చుక్కలమ్మ" అనేవారు. ఎదురుగా కాదులెండి.

"గ్రహాలు మనల్ని పట్టుకుని ఆడిస్తాయా పెద్దమ్మా?" అని చిన్నప్పుడు అడిగాను.

"గడియారం పన్నెండు కొట్టింది కాబట్టే మధ్యాహ్నం అయిందా? అయిందని అది చెబుతుంది, అంతే. పైన ఆకాశం కూడా అలాంటిదే. ప్రతి ఘడియకీ ఒక గుణం ఉంటుందే. ఆ ఘడియలో ఏది పుట్టినా దానికి ఆ గుణం అంటుకుంటుంది."

ఓ రోజు ఒక సంగీతం టీచరు, బస్సు డ్రైవరైన తన భర్తతో కలిసి వచ్చింది. ఇల్లు మారదామా వద్దా అన్నది వాళ్ళ ప్రశ్న. ఆవిడ పుట్టిన తేదీ, వేళ, ఆసుపత్రి చెబుతుంటే పెద్దమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"నీకెవరు చెప్పారమ్మా ఇవి? ఇవి నావి!"

ఎవరూ చెప్పలేదు. ఆవిడా పెద్దమ్మా, ఇద్దరూ ఒకే గదిలో, పక్కపక్క మంచాల మీద, ఒకే ఘడియలో పుట్టారు. లెక్కలు చూసుకుంటే ఇద్దరికీ మాటలు రాకముందే తల్లి పోయింది. ఇద్దరికీ తొలిచూలు దక్కలేదు. ఇద్దరికీ కుక్కలంటే హడల్. ఆ సాయంత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. అప్పట్నుంచి "ఏమే కవలా" అంటే "ఏమే" అనుకునేంత స్నేహం.

మరుసటి వానాకాలంలో ఆ టీచరు బడిలో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిందన్నారు.

పెద్దమ్మ కొట్టుకి తాళం వేసి ఇంట్లో కూర్చుంది. దేనికోసం ఎదురుచూస్తోందో మా అందరికీ తెలుసు. పెదనాన్న బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గుండె భేషుగ్గా ఉందన్నాడాయన. ఇంటికొచ్చి పెద్దమ్మ అన్న మాట నాకింకా చెవిలో ఉంది: "నేను బతికితే నా విద్య చచ్చినట్టు. నా విద్య బతికితే నేను చచ్చినట్టు."

చావలేదు. మెల్లగా మళ్ళీ మిషను తొక్కింది. అప్పుడే ఆ డ్రైవరు రావడం మొదలుపెట్టాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. ఆ కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అడిగేవాడు.

"అక్కా, చత్వారం వచ్చిందా?"

"వచ్చింది తమ్ముడూ. అద్దాలు లేందే సూదిలోకి దారం ఎక్కడంలేదు."

"అయితే తనకీ వచ్చి ఉండేది."

జుట్టు ఎంత నెరిసింది, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, నిద్ర పడుతోందా, అన్నీ అడిగేవాడు. వింటూ పెద్దమ్మ మొహంలోకి అదోలా చూసేవాడు. అతను వెళ్ళాక కొన్నాళ్ళు పెద్దమ్మ అద్దం ముందుకు వెళ్ళేది కాదు. నా చేత జడ వేయించుకునేది. "దువ్వుతుంటే ఇంకెవరి తలో దువ్వుతున్నట్టుంటుందే" అంది ఒకసారి.

పెదనాన్నకి మండేది. "వాడు చూడ్డానికొచ్చేది నిన్ను కాదే!"

"తెలుసు. కానీ వద్దనడానికి నోరు రావట్లేదు."

చివరిసారి వచ్చినప్పుడు అతను తల దించుకునే అడిగాడు.

"అక్కా, తను పోయిన పూట నీకేమైనా తెలిసిందా? ఇక్కడ, ఛాతీలో?"

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న దాచుకున్నాడన్నమాట. పెద్దమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. నిజం చెబితే ఈ బంధం తెగిపోతుందనీ, ఇద్దరం బయటపడతామనీ అనుకుందట.

"అబద్ధమెందుకు తమ్ముడూ! ఏమీ తెలియలేదు. కాలరు కుడుతున్నాను. ఆకలేసింది, తిన్నాను. ఏదో కూనిరాగం కూడా తీశాను."

అతను తలెత్తాడు. కళ్ళు నిండిపోయాయి.

"అయితే తనకీ నొప్పి తెలియలేదన్నమాట" అన్నాడు. "అమ్మయ్య!"

అతను లేచి పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఎక్కడో కూతురి దగ్గర నిమ్మళంగా ఉన్నాడని తెలిసింది.

అతనికి తెరిపి దొరికింది. పెద్దమ్మకి దొరకలేదు. ఆ మరుసటి ఏడాది, అతను వచ్చే రోజుల్లో కొట్టు గుమ్మం వైపు చూస్తూనే ఉండేది. జాతకాలు మానలేదు కానీ ఆయుష్షు మాట ఎత్తితే జాతకచక్రం కాగితం మడిచేసేది. "విత్తనం ఏ జాతిదో చెప్పగలను. చెట్టు ఏ గాలికి పడుతుందో నన్నడక్కండి" అనేది.

పోయిన నెల కాలు బెణికి మంచంలో ఉందంటే చూడ్డానికి వెళ్ళాను. గది బయట ఉండగానే లోపల మాటలు వినిపించాయి.

"ఎడమ కాలేనే కవలా. చీలమండ దగ్గర. వాపు లేదులే, నువ్వు కంగారుపడకు."

తొంగి చూశాను. గదిలో పెద్దమ్మ ఒక్కతే ఉంది.