పోడు అనుండ్రి

కొత్తగూడల మా ఇంటి ముంగట కూసోని అవ్వ, నేను ఫోన్ల పార్లమెంటు చూసినం. మా ఎంపీ లేచి, అడివిల దున్నుకునే పోడు భూములకు పట్టాలు ఎప్పుడిస్తరని మా యాస తెలుగులనే అడిగింది. మంత్రి జవాబు చదువుకుంట మా పోడును "షిఫ్టింగ్ కల్టివేషన్" అన్నడు. గదేందని అవ్వ అడిగితే, జాగలు మార్చుకుంట చేసే ఎవుసమని చెప్పిన. అవ్వకు కోపం నషాళానికెక్కింది.

"మేం యాడికి మారినం? మా అత్త దున్నిన చెలకనే నేను దున్నుతున్న!"

అంతల్నే ఎంపీ మళ్ల లేచింది. "మావోళ్లు యాడికీ పోలే సార్. దాన్ని పోడు అంటరు. పోడు అనుండ్రి" అన్నది.

సినిమాలల్ల మా మాటను ఎక్కిరించినోళ్లంత గిది వినాలె అనుకున్న.

మంత్రి వంకరగనైనా "పోడు" అన్నడు.

అవ్వ ఫోను మీదికి వంగింది. "ఆఁ, గిప్పుడు చెప్పు" అన్నది.