తువ్వాలను లేపిన ఫ్యాన్

మా ఇంటి ముందు గదిలో ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ళ ప్రార్థన కూడిక. నా పెనిమిటే పెట్టించాడు. ఆయన పోయినా అది ఆగలేదు. ఆపింది మా మరిది తెచ్చిపెట్టిన ఇనుప డబ్బా. క్రిప్టో మైనర్ అంటారు. కరెంటు తిని, చేతికి తగలని నాణేలు సంపాదిస్తుందట. అది వేడెక్కకుండా దానికో ఫ్యాన్. దాని మోతకు గోడ మీద క్యాలెండర్ కూడా వణికేది.

ఒక బుధవారం ఒక ముసలామె తన బిడ్డ ఆపరేషన్ గురించి చెప్పబోయింది. మూడుసార్లు మొదలుపెట్టింది, ఎవరికీ వినపడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది.

"వచ్చే వారం మా ఇంట్ల కూసుందాం అక్కా. గీడ దేవునికి గూడ ఇనబడది," అన్నది పక్కింటామె. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మరిదిని దులిపేశాను.

"ఫ్యాన్ మారుద్దాం తియ్ వదినె, గింత దానికి గంత లొల్లేంది?" అన్నాడు.

మందమర్రి నుంచి కరీంనగర్ దాకా ఇద్దరం బస్సులో పోయాం. దుకాణం అతను ఒక్కొక్కటీ తిప్పి చూపించాడు. నేను చెవి దగ్గర పెట్టుకుని, అన్నింటికంటే సద్దు తక్కువదాన్ని ఏరాను. ఇంట్లో బిగిస్తే గంట తిరగకముందే డబ్బా వేడెక్కి ఆగిపోయింది.

"నీ చెవే ముంచింది వదినె," అన్నాడు మరిది.

వాడి మీదకంటే నా మీద నాకే ఎక్కువ కోపమొచ్చింది. నా పెనిమిటి బతికినన్నాళ్ళూ బొగ్గుబాయి మీది పెద్ద ఫ్యాన్ దగ్గరే పనిచేశాడు. గని లోపలున్నవాళ్ళకు గాలాడించే ఫ్యాన్ అది. ఇంటికి ఏ ఫ్యాన్ కొన్నా ముందు తన తువ్వాల అడ్డం పట్టేవాడు. "చప్పుడు గాదే, గాలి సూడు," అనేవాడు. ఆయనతో అన్నేళ్ళు కాపురం చేసి, నేను చెవితో కొన్నాను!

ఆ తువ్వాలే సంచిలో వేసుకుని మళ్ళీ ఒక్కదాన్నే పోయాను. ప్రతి ఫ్యాన్ ముందూ పట్టాను.

"అమ్మా, ఫ్యాన్ కొంటున్నవా, బట్టలారేస్తున్నవా?" అన్నాడు దుకాణం అతను.

"ముందు తిప్పు. నవ్వుడు తర్వాత."

చిన్నవాటిలో తువ్వాలను లేపినవల్లా గీపెట్టాయి. చివరికి జానెడు వెడల్పున్నది ఒకటి, మెల్లగా తిరుగుతూనే తువ్వాలను గుంజి లేపింది. డబ్బా మూతి చిన్నది గనుక నడుమ రేకు గరాటు చేయించి బిగించాం. ఎండలో రోజంతా నడిచింది. ఆగలేదు. మోతా లేదు, గుసగుసలాడినంత సద్దు, అంతే.

ఆ బుధవారం నేనే ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలుచుకొచ్చాను. ముసలామె గొంతు సవరించుకుంది. సరిగ్గా అప్పుడే మరిది వచ్చి గడపలో నిలబడ్డాడు.

"సూసిన్రా అక్కా, చప్పుడున్నదా? కరీంనగర్ల ఏరి ఏరి తెచ్చిన..."

తువ్వాల వాడి మొహాన విసిరాను.

"డబ్బా ఊకున్నది, ఇగ నువ్వు మొదలువెట్టినవా? నోరు జర బంద్ వెట్టు. ఆమె బిడ్డ ముచ్చట ఇననియ్యి."