లైటు మీద బొట్టుబిళ్ల

బాన్సువాడ బస్టాండులో బీర్కూర్ బస్సెక్కి కూర్చుని, ఫోన్లో మెకానిక్ మీద అరుస్తున్నాను. మా పాత కారుకు పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్ రెండుసార్లు మార్చినా, స్టీరింగ్ వెనక వెలిగే ఇంజన్ లైటు ఆరడం లేదు మరి.

ఫోన్ పెట్టేయగానే పక్కసీటులో ఉన్నామె నవ్వింది.

"మా కారుకు గూడ గదే బీమారి ఉండె అక్కా. మా ఆయన కిరాయికి నడుపుతుండె. లైటు జూస్తే ఎక్కినోళ్లకు ఫికర్ అని, ఒకనాడు నా నొసటి మీది ఎర్రబిళ్ల తీసి దాని మీద అతికిచ్చిండు."

"మరి రిపేరు చేయించలేదా?"

"బిళ్ల ఊడినప్పుడల్లా ఇంకోటి ఇయ్యిమని నా దగ్గరికే వస్తుండె. ఇగ గదే రిపేరు."

మళ్లీ నవ్వబోయి, కిటికీ వైపు తిరిగింది.

"దుబాయ్ పోయేటందుకు కారు అమ్మేసిండు. బిళ్ల దాన్లనే పోయింది. ఆడ సేటు బండి నడుపుతుండు, కొత్తది. దాన్ల ఏ లైటూ వెలగదంట."

బీర్కూర్ వచ్చింది. దిగేముందు నుదుటి మీది బిళ్లను వేలితో గట్టిగా ఒత్తుకుంది.

మా కారు జబ్బు సెన్సార్‌ది కాదని తర్వాత తేలింది. సైలెన్సర్ పైపుకు సన్నటి పగులుంది. అందులోంచి దూరిన బయటి గాలి సెన్సార్‌ను తికమక పెట్టింది. పగులుకు అతుకు వేయించాం, లైటు ఆరిపోయింది.

అయినా ఎక్కడ పాత కారు ఆగి ఉన్నా, అద్దానికి ముఖం ఆనించి స్టీరింగ్ వెనక్కి తొంగిచూస్తాను. ఎర్రబిళ్ల ఇంకా కనబడలేదు.